పొగగొట్టం పాలయ్యే వేడి : సిమెంటు కర్మాగారాలలో ఇంధన పొదుపు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేండ్ల పాఠశాల పండుగలో సిమెంటు బట్టీని గూర్చిన ప్రసంగం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఒక్కసారి చుట్టూ చూడండి. పైకప్పులో, స్తంభంలో, మెట్టులో, నీళ్ళ తొట్టిలో, అన్నింటిలోనూ సిమెంటు ఉన్నది. బస్తా కొనేటప్పుడు దాని ధర అడుగుతారే గాని, దాని వెనుక ఎంత నిప్పు రగిలినదో ఎవరూ అడగరు. ఆ నిప్పులో సుమారు మూడింట ఒక వంతు ఏ పనీ చేయకుండా ఆకాశంలో కలిసిపోతుంది. అట్లా పోయే వేడిని పట్టి విద్యుత్తుగా మార్చే విద్య ఒకటి ఉన్నది. భారతదేశపు సిమెంటు పరిశ్రమలో అది పెద్ద ఎత్తున మొదట నిలదొక్కుకున్నది తెలుగునేలపై, కృష్ణా తీరంలో. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు ఈ సంగతి తెలియవలసి ఉన్నది.

ధర్మపురివారికి సిమెంటు పరిశ్రమ దూరపు చుట్టం కాదు. నేడు సేలం జిల్లాలో ఉన్న శంకరిలో 1960 దశకంలోనే ఇండియా సిమెంట్స్ కర్మాగారం వెలసినది. 1965 అక్టోబరు 2న ధర్మపురి వేరు జిల్లాగా ఏర్పడేవరకు శంకరి, ధర్మపురి రెండూ ఒకే సేలం జిల్లాలోని ఊళ్ళు. అయితే సున్నపురాయి విస్తారంగా పరచుకొని ఉన్నది పల్నాటిలో, నల్లగొండలో, కర్నూలు, కడప సీమలలో. అందుకే అక్కడ కర్మాగారాలు కూడా ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి.

సిమెంటు తయారీ మాటలలో చెప్పాలంటే చాలా సులభం. సున్నపురాయిని, కొంత మట్టిని, కొద్దిగా ఇనుపరాయిని కలిపి మెత్తని పిండిగా విసరాలి. ఆ పిండిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చాలి. అప్పుడది గోలీల వంటి, నిమ్మకాయల వంటి నల్లని ఉండలవుతుంది. ఆ ఉండలను క్లింకరు అంటారు. క్లింకరును చల్లార్చి, కొద్దిగా జిప్సం కలిపి మరల విసరితే సిమెంటు. ఇంగ్లండులో జోసఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ పనివాడు పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందినది 1824 అక్టోబరులో. విచిత్రమేమంటే, అదే 1824లో ఫ్రాన్సులో సాదీ కార్నో అనే యువ ఇంజనీరు వేడిని పనిగా మార్చడానికి ఉన్న హద్దు ఏమిటో వివరిస్తూ ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. ఈ ఇద్దరికీ ఒకరి సంగతి మరొకరికి తెలిసి ఉండదు. ఆస్ప్‌డిన్ బట్టీ నుండి పోయే వేడిలో ఎంత తిరిగి దక్కుతుందో చెప్పే లెక్క మాత్రం కార్నో పుస్తకంలో ఉన్నది.

బట్టీ అనగానే సున్నపు బట్టీ, ఇటుక బట్టీ కళ్ళకు కడతాయి. సిమెంటు బట్టీ అట్లా నిలిచి ఉండేది కాదు. అది ఒక పొడవైన ఉక్కు గొట్టం. లోపల అగ్నిని తట్టుకొనే ఇటుకలు పేర్చి ఉంటాయి. కొద్దిగా వాలుగా పడుకోబెట్టిన ఆ గొట్టం మెల్లగా తిరుగుతూ ఉంటుంది. పై కొస నుండి పిండి దిగుతుంది, కింది కొసన బొగ్గుపొడి మండుతుంది. పిండి కిందికి, మంట పైకి, రెండూ ఎదురెదురుగా ప్రయాణం చేస్తాయి.

పాత రోజులలో రాతిపిండిని నీళ్ళతో కలిపి, మజ్జిగ వలె జారుగా చేసి బట్టీలోకి పంపేవారు. అట్లా చేస్తే పదార్థాలు బాగా కలుస్తాయి గాని, ఆ నీటినంతా మొదట ఆవిరి చేయవలసి వచ్చేది. కిలో క్లింకరుకు 1300 నుండి 1600 కిలో కెలోరీల వేడి అందుకే ఖర్చయ్యేది. 1950 దశకంలో జర్మనీ వారు ప్రీహీటరు అనే గోపురాన్ని ప్రవేశపెట్టారు. అందులో గరాటు ఆకారంలోని సైక్లోనులు ఒకదానిపై ఒకటి నాలుగైదు అంతస్తులుగా ఉంటాయి. బట్టీ నుండి వచ్చే వేయి డిగ్రీల పొగ వాటిగుండా పైకి పోతూ ఉంటే, పొడిపిండి అంతస్తు తరువాత అంతస్తు కిందికి దిగుతూ ఆ వేడిని గ్రహిస్తుంది. బట్టీలో అడుగు పెట్టేసరికే పిండి 800 డిగ్రీలు దాటి ఉంటుంది. ఈ ఒక్క ఏర్పాటుతో ఖర్చు సగానికి సగం తగ్గినది. నేటి మంచి బట్టీలలో కిలో క్లింకరుకు 700 నుండి 750 కిలో కెలోరీలు చాలు.

ఇంత చేసినా వేడి ఇంకా మిగులుతుంది. నాలుగంతస్తుల ప్రీహీటరు పైనుండి వెలువడే పొగ సుమారు 350 డిగ్రీలు ఉంటుంది. అయిదంతస్తులైతే 300కు కాస్త పైన. ఇది ఒక దారి. రెండవ దారి కూలరు. బట్టీ నుండి ఎర్రగా కాలుతూ జారిపడే క్లింకరును కింది నుండి గాలి వీచి చల్లార్చే యంత్రమది. క్లింకరుకు తగిలి వేడెక్కిన గాలిలో బాగా వేడిగా ఉన్న భాగాన్ని మరల బట్టీకే పంపుతారు. తక్కిన భాగం 250, 300 డిగ్రీల వేడితో బయటికి పోతుంది. మూడవ దారి బట్టీ గోడ. దానిని గూర్చి చివర చెప్పుకోవచ్చు.

లెక్క వేసి చూస్తేనే దీని పరిమాణం బోధపడుతుంది. ఎనిమిదవ తరగతి పిల్లలు కూడా చేయగల లెక్క ఇది. రోజుకు 3000 టన్నుల క్లింకరు కాల్చే బట్టీ ఒకటి ఉన్నదనుకుందాం. కిలోకు 750 కిలో కెలోరీల చొప్పున రోజుకు 225 కోట్ల కిలో కెలోరీలు కావాలి. అందులో నూటికి ముప్పయి వంతులు పొగతోను, కూలరు గాలితోను పోతే 67 కోట్ల 50 లక్షలు. కిలో బొగ్గుకు 5000 కిలో కెలోరీల చొప్పున అది 135 టన్నుల బొగ్గు. తొమ్మిది టన్నుల లారీలు పదిహేను! ప్రతి ఉదయం పదిహేను లారీల బొగ్గు తెచ్చి, బట్టీ పక్కనే కుప్ప పోసి, దేనికీ ఉపయోగించకుండా కాల్చివేస్తే ఊరివారు చూస్తూ ఊరుకొంటారా? పొగగొట్టం గుండా పోయేది కంటికి కనిపించదు కాబట్టి దశాబ్దాల తరబడి అందరూ ఊరుకున్నారు.

ఇంతకంటే ఆశ్చర్యమైన సంగతి మరొకటి ఉన్నది. వేడి పొగను నేరుగా దుమ్ము పట్టే యంత్రాలలోకి పంపితే అవి సరిగా పనిచేయవు, పాడవుతాయి కూడా. కాబట్టి పొగను ముందుగా చల్లార్చాలి. అందుకోసం కర్మాగారాలలో ఒక ఎత్తైన శిఖరం కట్టి, అందులో పొగపై సన్నని తుంపరగా నీళ్ళు చల్లేవారు. చాలా చోట్ల నేటికీ చల్లుతున్నారు. అంటే, డబ్బు పోసి బొగ్గు కొని పుట్టించిన వేడిని వదిలించుకోవడానికి మరల నీళ్ళు ఖర్చు పెట్టడం! పల్నాడులో గాని, ధర్మపురిలో గాని బిందె నీటి కోసం వేసవిలో ఎంత దూరం నడిచేవారో తెలిసిన స్త్రీలు ఈ మాట వింటే ముక్కున వేలు వేసుకొంటారు.

ఆ స్త్రీలకు మిగులు వేడి విలువ కొత్త పాఠం కాదు. ఈ సీమలో పాత ఇండ్లలో కట్టెల పొయ్యి కట్టేటప్పుడు ప్రధానమైన పొయ్యికి పక్కనే మరొక చిన్న పొయ్యిని కలిపి కట్టేవారు. తమిళులు దానిని కొడి అడుప్పు అంటారు. దానికి వేరే కట్టెలు పెట్టరు. పెద్ద పొయ్యి మంటలో మిగిలినది లోపలి దారి గుండా దానిలోకి వస్తుంది. పెద్ద పొయ్యి మీద సంగటి ఉడుకుతూ ఉంటే, చిన్నదాని మీద చారు వెచ్చగా ఉంటుంది, పసిబిడ్డకు నీళ్ళు కాగుతాయి. సిమెంటు పరిశ్రమ కోట్లు ఖర్చు చేసి ఆలస్యంగా కట్టుకున్నది ఆ చిన్న పొయ్యినే.

అయితే ఆ చిన్న పొయ్యి మీద సంగటి ఉడకదని ఇల్లాండ్రకు తెలుసు. వేడి ఎంత ఉన్నదనేది ఒక ప్రశ్న, ఎంత తీక్షణంగా ఉన్నదనేది మరొక ప్రశ్న. స్నానానికి కాగిన గంగాళం నీళ్ళలో దీపపు మంటలో కంటే ఎక్కువ వేడి ఉండవచ్చు. కాని గంగాళంతో ఒత్తి వెలిగించలేరు. కార్నో చెప్పినది ఈ భేదాన్నే. 330 డిగ్రీల పొగ నుండి వేడి తీసుకొని, 40 డిగ్రీల వద్ద దానిని విడిచే యంత్రం ఎంత చక్కగా తయారైనా ఆ వేడిలో నూటికి 48 వంతులకు మించి పనిగా మార్చలేదు. అది దాటరాని హద్దు. పొగ వేడి ఇచ్చుకుంటూ పోయే కొద్దీ చల్లబడుతుంది కాబట్టి అసలు దక్కేది ఇంకా తక్కువ, సామాన్యంగా నాలుగో వంతు లోపే. పెద్ద తాప విద్యుత్కేంద్రాలలో టర్బైనుకు చేరే ఆవిరి 540 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. సిమెంటు పొగతో పుట్టే ఆవిరి 300 డిగ్రీలకు అటూ ఇటూ. పిల్లలు భౌతికశాస్త్రంలో సామర్థ్యపు సూత్రాన్ని వల్లె వేస్తారు. దానికి ప్రాణం ఉన్నదని తెలిసేది ఇటువంటి చోటే.

ఈ పనికి గట్టిగా పూనుకొన్నది జపాను. 1973, 1979 సంవత్సరాల చమురు సంక్షోభాలు సొంత చమురు లేని ఆ దేశాన్ని కుదిపివేశాయి. 1980 ప్రాంతంలో అక్కడి సిమెంటు కర్మాగారాలలో మిగులు వేడి బాయిలర్లు వెలిశాయి. కుమగాయాలోని కర్మాగారంలో 15 మెగావాట్ల కేంద్రం 1982 నుండి నడిచినది. తరువాత జపాను ప్రభుత్వ సంస్థ నెడో ఈ విద్యను పొరుగు దేశాలకు నమూనా కేంద్రాల రూపంలో చూపించడం మొదలుపెట్టినది. చైనాలోని నింగ్వో కర్మాగారంలో 1998లో అట్లాంటి కేంద్రం నడకకు వచ్చినది. చైనా వారు దానిని చూసి, నేర్చుకొని, సొంతంగా యంత్రాలు చేసుకొని, పది పదిహేనేండ్లలో వందలాది బట్టీలకు అమర్చారు. ఒక్క నమూనాను అంత శ్రద్ధగా చదువుకున్న దేశం మరొకటి లేదనవచ్చు.

భారతదేశంలో నెడో సహకారంతో అటువంటి నమూనా కేంద్రానికి చోటు దొరికినది నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గరి విష్ణుపురంలో. కృష్ణలో మూసీ కలిసే ప్రాంతమది. ఆ కర్మాగారాన్ని స్థాపించినది రాశి సిమెంట్స్. దాని వ్యవస్థాపకులు డాక్టర్ బి.వి. రాజు పశ్చిమ గోదావరి జిల్లా కుముదవల్లిలో పుట్టి, సిమెంటు కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు సారథ్యం వహించి, ఆ పిమ్మట సొంతంగా పరిశ్రమ నెలకొల్పినవారు. 1998లో రాశి సిమెంట్స్ ఇండియా సిమెంట్స్ చేతికి వచ్చినది. ఆ యాజమాన్యంలోనే 2004 ప్రాంతంలో అక్కడ 7.7 మెగావాట్ల మిగులు వేడి విద్యుత్కేంద్రం పనిలోకి వచ్చినది. 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్ సైతం అల్ట్రాటెక్ ఆధీనంలోకి వెళ్ళినది. యజమానుల పేర్లు మారినా, వేడిని గూర్చిన లెక్క మారదు. 7.7 మెగావాట్ల యంత్రం పూర్తి స్థాయిలో ఒక్క రోజు నడిస్తే 1,84,800 యూనిట్లు. దానికోసం ఒక్క కిలో బొగ్గు కూడా అదనంగా కాల్చనవసరం లేదు.

ఇది పనిచేసే తీరు వినడానికి సులభం, నడపడానికి కష్టం. ప్రీహీటరు నుండి వచ్చే పొగ దారిలో ఒక బాయిలరు, కూలరు గాలి దారిలో మరొక బాయిలరు పెడతారు. రెండింటిలో పుట్టిన ఆవిరి ఒకే టర్బైనును తిప్పుతుంది. పని ముగించిన ఆవిరి కండెన్సరులో నీరై మరల బాయిలరుకు చేరుతుంది. చిక్కంతా దుమ్ముతోనే. ప్రీహీటరు పొగలో రాతిపిండి దట్టంగా ఉంటుంది. అది మెత్తనిది, గొట్టాలకు అతుక్కుంటుంది. పెనానికి అట్టకట్టిన పిండి వలె అది వేడిని లోపలికి పోనివ్వదు. అందుకని చిన్న చిన్న సుత్తులు ఉండి, నిర్ణీత సమయానికి గొట్టాలను తట్టి ఆ పిండిని రాలుస్తూ ఉంటాయి. కూలరు గాలిలోని దుమ్ము ఇందుకు విరుద్ధం. అది క్లింకరు పొడి, గాజు ముక్కల వంటిది. అతుక్కోదు గాని గొట్టాలను ఒరుస్తుంది. అందుకని బాయిలరుకు ముందే ఒక విశాలమైన గది కట్టి, గాలి వేగం తగ్గించి, బరువైన రేణువులను అక్కడే పడనిస్తారు. ఒకే కర్మాగారపు దుమ్ము రెండు చోట్ల రెండు స్వభావాలు చూపుతుంది. బాయిలరు పాడైతే పొగ పక్కదారిన పోయే ఏర్పాటు కూడా తప్పనిసరి. సిమెంటు కర్మాగారంలో బట్టీయే యజమాని. విద్యుత్తు కోసం బట్టీ ఆగకూడదు.

జపానులో 1980లో మొదలైనది భారతదేశానికి రావడానికి పాతికేండ్లు ఎందుకు పట్టినది? ఒక కారణం ఈ సభలోని పెద్దలకు అనుభవమే. 1982 వరకు సిమెంటు ధర, పంపిణీ పూర్తిగా ప్రభుత్వ నియంత్రణలో ఉండేవి. ఇల్లు కట్టుకోవాలన్నా, బావికి ఒరలు దింపాలన్నా పర్మిట్ల కోసం కార్యాలయాల చుట్టూ తిరగవలసి వచ్చేది. 1982 ఫిబ్రవరిలో పాక్షికంగా, 1989 మార్చిలో పూర్తిగా ఆ నియంత్రణ తొలగినది. తయారైన ప్రతి బస్తా నిర్ణీత ధరకు అమ్ముడుపోయే కాలంలో పొదుపు చేసి లాభపడాలనే ఆలోచన ఏ యాజమాన్యానికి కలుగుతుంది? పోటీ వచ్చిన తరువాతే పొగగొట్టం వైపు చూపు మళ్ళినది. పెట్టుబడి భారం మరొక కారణం. మెగావాటు ఒక్కింటికి కోట్ల రూపాయలు కావాలి.

ఆ పెట్టుబడి పెట్టించినది కొంత చట్టం, మరికొంత చీకటి. చట్టం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చినది. 2012లో మొదలైన పథకం కింద పెద్ద సిమెంటు కర్మాగారాలకు ఇంధన వినియోగం ఇంత తగ్గించాలని లక్ష్యాలు విధించారు. లక్ష్యాన్ని మించి పొదుపు చేసినవారు ఆ మిగులును పత్రాల రూపంలో, వెనుకబడినవారికి అమ్ముకోవచ్చు. చీకటి సంగతి మాత్రం తల్లిదండ్రులు ఎవరూ మరచిపోలేదు. 2012లో తమిళనాట, చెన్నై తప్ప తక్కిన జిల్లాలలో రోజుకు పది పన్నెండు గంటల విద్యుత్ కోత ఉండేది. పదవ తరగతి, పన్నెండవ తరగతి పిల్లలు కొవ్వొత్తుల వెలుగులో పరీక్షలకు చదివారు. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు విద్యుత్ సెలవులు ప్రకటించారు. టన్ను సిమెంటుకు సుమారు 65 నుండి 85 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. అంత పెద్ద గిరాకీదారు తన అవసరంలో నాలుగో వంతు తన పొగతోనే సంపాదించుకుంటే, ఆ మేరకు ఇతరుల వాటా మిగులుతుంది. ఆ మిగిలిన యూనిట్లు ఏ ఇంటికి చేరాయో ఎవరూ గుర్తు పట్టలేరు. కాని కోత వేళ ప్రతి యూనిట్టూ ఎవరో ఒకరి నుండి తీసుకున్నదే.

ఇందాకటి 3000 టన్నుల బట్టీ లెక్కను ముగించవలసి ఉన్నది. సామాన్యంగా టన్ను క్లింకరుకు 30 యూనిట్ల ప్రాంతంలో మిగులు వేడి విద్యుత్తు వస్తుంది. రోజుకు 90,000 యూనిట్లు. రోజుకు మూడు యూనిట్లు వాడే ఇండ్లు ముప్పయి వేలకు సరిపోతుంది. అయితే పోయే వేడి మొత్తాన్ని యూనిట్లలో లెక్కిస్తే సుమారు 7,85,000. అంటే తిరిగి వచ్చినది తొమ్మిదో వంతు మాత్రమే. తక్కినదేమైనది? కొంత కార్నో హద్దు మింగినది. బాయిలరు దాటిన పొగ కూడా 200 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. దానిలో చాలా భాగం రాతిపిండిని, బొగ్గును ఆరబెట్టడానికి కావాలి. వర్షాకాలంలో గని నుండి తడిసి వచ్చే రాయి మరింత వేడి అడుగుతుంది. టర్బైనుకు ఎక్కువ ఆవిరి రావాలని ఆశపడి పొగను అతిగా చల్లారిస్తే పిండిమిల్లులో తడి ఆరదు. అప్పుడు వేరే కొలిమి వెలిగించి బొగ్గు కాల్చవలసి వస్తుంది. అది పొదుపు కాదు, ఒక జేబులోని డబ్బు మరొక జేబులో వేసుకోవడం. అందువల్ల ఈ విషయంలో ఒక క్రమం పాటించడం వివేకం. ముందు బట్టీలో వేడిని తక్కువగా ఖర్చు చేయాలి. పిమ్మట మిగిలినదానిని ఆరబెట్టడానికి వాడాలి. ఆ పైని మిగులుకే టర్బైను. బట్టీని నిర్లక్ష్యంగా నడిపి, పొగ ఎంత వేడిగా ఉంటే అంత విద్యుత్తు వస్తుందని మురిసిపోయే యాజమాన్యం లెక్క తెలియనిదే అవుతుంది.

నీటి సంగతిలోనూ జాగ్రత్త కావాలి. బాయిలరు పొగను చల్లారుస్తుంది కాబట్టి తుంపర చల్లే నీరు చాలా వరకు మిగులుతుంది. కాని టర్బైను దాటిన ఆవిరిని నీటితోనే చల్లార్చితే మిగిలినదాని కంటే ఎక్కువ ఖర్చు కావచ్చు. మెట్ట ప్రాంతాలలో అందుకే గాలితో చల్లార్చే కండెన్సర్లు పెడుతున్నారు. వాటితో విద్యుత్తు కొద్దిగా తగ్గుతుంది, ఎండాకాలంలో మరికొంత తగ్గుతుంది. చుట్టుపక్కల పల్లెల బావులతో పోలిస్తే ఆ నష్టం భరించదగినదే. అనంతపురం జిల్లా తాడిపత్రి దగ్గరి అల్ట్రాటెక్ కర్మాగారంలో మరొక పద్ధతి అనుసరించారు. అక్కడ నీటి ఆవిరికి బదులు పెంటేన్ అనే ద్రవపు ఆవిరితో టర్బైనును తిప్పే నాలుగైదు మెగావాట్ల కేంద్రం ఏర్పడినది. పెంటేన్ 36 డిగ్రీలకే మరుగుతుంది. నీటిని ఆవిరి చేయలేనంత మందమైన వేడితో కూడా అది పనిచేయగలదు. త్వరగా మండే ద్రవం కావడంతో కాపలా కట్టుదిట్టంగా ఉండాలి.

తమిళనాటి తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోదగిన పేరు రామ్‌కో. రాజపాళయంలో స్థిరపడిన తెలుగు రాజుల కుటుంబానికి చెందిన పి.ఏ.సి. రామస్వామి రాజా ఆ సంస్థల మూలపురుషులు. వారి మద్రాసు సిమెంట్స్ 1960 దశకం ఆరంభంలో విరుదునగర్ దగ్గరి తుళుక్కపట్టిలో ఉత్పత్తి మొదలుపెట్టి, 1980 దశకంలో అప్పటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట సమీపాన జయంతిపురానికి విస్తరించినది. తమిళదేశం నుండి తెలుగుదేశానికి తిరిగి నడిచిన పరిశ్రమ అది. 2020 తరువాత అక్కడ దశలవారీగా 27 మెగావాట్ల మిగులు వేడి విద్యుత్కేంద్రం సిద్ధమైనది. విష్ణుపురం నమూనాకు అది మూడున్నర రెట్లు.

ఇంత చెప్పిన తరువాత ఒక మాట దాచడం తగదు. సిమెంటు కర్మాగారం నుండి వెలువడే బొగ్గుపులుసు వాయువులో ఎక్కువ భాగం బొగ్గు నుండి కాక, రాతి నుండే వస్తుంది. నూరు కిలోల శుద్ధ సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల వాయువు లేచిపోతుంది. ఎన్ని బాయిలర్లు పెట్టినా ఆ 44 తగ్గదు. మిగులు వేడి కేంద్రం ఎక్కడో ఒక తాప విద్యుత్కేంద్రంలో కాలవలసిన బొగ్గును ఆపుతుంది, అంతే. రాతి వాయువు తగ్గాలంటే క్లింకరునే తక్కువ వాడాలి. బూడిద కలిపిన పొజొలానా సిమెంటులో నూటికి 35 వంతుల వరకు బూడిదను ప్రమాణాలు అనుమతిస్తాయి. మేట్టూరు వంటి తాప విద్యుత్కేంద్రాల బూడిద ఇట్లా ఇండ్ల గోడలలోకి చేరుతున్నది. బూడిద సిమెంటు నాసిరకమని మేస్త్రులలో ఇప్పటికీ ఒక అపోహ ఉన్నది. తగినన్ని రోజులు తడుపు పెడితే అది పట్టులో ఏమీ తీసిపోదు. ఆ ఓపిక లేకపోవడమే అసలు లోపం.

పిల్లల ఉపాధి గూర్చి ఆలోచించే తల్లిదండ్రులకు ఒక విషయం. బాయిలరు అనేది లేని సిమెంటు కర్మాగారంలోకి ఈ కేంద్రాలతో బాయిలరు, టర్బైను, నీటిశుద్ధి అనే మూడు కొత్త పనులు వచ్చాయి. బాయిలరును నడపడానికి ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణులైనవారే ఉండాలి. నీటిలో లవణాలు ఏ మాత్రం మిగిలినా గొట్టాలలో పాచి కడుతుంది కాబట్టి రసాయనశాస్త్రం చదివినవారికి ప్రతి పాళీలోనూ పని ఉంటుంది. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివే పూర్వ విద్యార్థులు ఈ దిక్కు కూడా చూడవచ్చు.

ఇక బట్టీ గోడ సంగతి. తిరుగుతున్న ఆ ఉక్కు గొట్టం వెలుపలి ముఖం కొన్ని చోట్ల 300 డిగ్రీలు దాటి ఉంటుంది. చెంతకు పోతే ముఖం మాడుతుంది. కిలో క్లింకరుకు యాభై కిలో కెలోరీలకు అటూ ఇటూగా ఆ గోడ నుండే పోతాయి. మన లెక్కలోని బట్టీకి రోజుకు ముప్పయి టన్నుల బొగ్గు. ఆ గొట్టం ఆగకుండా తిరుగుతుంది కాబట్టి దానికి బాయిలరు తగిలించలేరు. అతిగా కాలి ఉక్కు వంగిపోకుండా కింద వరుసగా పంకాలు పెట్టి గాలి విసరుతారు. ఆ పంకాలకూ విద్యుత్తు కావాలి. బట్టీ చుట్టూ తాకకుండా అర్ధచంద్రాకారపు నీటి గొట్టాలు బిగించి, ఆ ప్రసరించే వేడితో నీరు కాచే ప్రయత్నాలు కొన్ని దేశాలలో జరిగాయి. ఇటుక అరిగిన చోట గోడ ఎర్రబడితే వెంటనే కనిపించాలి, ఆ గొట్టాలు దానిని కప్పివేస్తాయనేది నడిపేవారి అభ్యంతరం. అభ్యంతరం న్యాయమైనదే. ప్రస్తుతానికి చాలా కర్మాగారాలలో ఆ ముప్పయి టన్నుల వేడి పంకాల గాలిలో కలిసిపోతూనే ఉన్నది.